పాత విమానం రేకుతో జ్ఞాపికలు: పర్లాకిమిడి లాంటి చోట చేసుకునే పద్ధతి

రిటైరైన ప్రయాణికుల జెట్ తుక్కు యార్డుకు చేరాక ఇంజిన్లు, ల్యాండింగ్ గేరు, కాక్‌పిట్ పరికరాలు ముందు అమ్ముడుపోతాయి. చివరికి మిగిలే ఒంటి రేకు కరిగించడానికి కిలోల లెక్కన పోతుంది. అందులో ఐదు చదరపు మీటర్లు దొరికితే చాలు, ఒడిశాలోని గజపతి జిల్లాలోనో రాయగడలోనో ఒక చిన్న షెడ్డులో వెయ్యి దాకా కీచైన్లు, బ్యాగు బిళ్లలు తీయవచ్చు. జర్మనీలో ఏవియేషన్‌ట్యాగ్, అమెరికాలో మోటోఆర్ట్ సంస్థలు చేస్తున్నది ఈ పనే.

పర్లాకిమిడిలో పశువుల కొమ్ముతో వస్తువులు చేసే ఇళ్లలో సన్న రంపాలు, ఆకురాళ్లు, బఫింగ్ చక్రాలు ఇప్పటికే ఉన్నాయి. వాటి మీద చెయ్యి తిరిగినవాళ్లకు సగం పని వచ్చినట్టే. మిగతా సగం మూడు విషయాల్లో ఉంది: కాగితాలు, పెయింటు కింద ఉన్న విషం, కోతలో ఓపిక. దామన్‌జోడి దగ్గరి బాక్సైటు ఖనిజం నుంచి వచ్చే మామూలు అల్యూమినియానికీ దీనికీ గుణంలో చాలా తేడా ఉంది. వంటపాత్రల రేకుతో అలవాటైనవాళ్లు మొదట దెబ్బతినేది అక్కడే.

కాగితం ముందు, రేకు తర్వాత

బిళ్ల కొనేవాళ్లు డబ్బిచ్చేది “ఇది ఫలానా విమానం ఒంటి ముక్క” అన్న నిజానికి. ఆ నిజానికి ఆధారం తెగిపోతే మీ చేతిలో ఉన్నది 10 గ్రాముల తుక్కు. అందుకే రేకుకు బయానా ఇవ్వకముందే అమ్మేవారి దగ్గర వీటిని అడగండి: విమానం రకం, రిజిస్ట్రేషన్ అక్షరాలు, తయారీదారు వేసిన వరుస సంఖ్య, రిజిస్ట్రేషన్ రద్దయినట్టు పత్రం నకలు, జీఎస్టీ బిల్లు. మన దేశపు విమానమైతే రిజిస్ట్రేషన్ వీటీతో మొదలవుతుంది, రద్దు చేసేది పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ. యజమాని మారినప్పుడు రిజిస్ట్రేషన్ మారవచ్చు. తయారీ వరుస సంఖ్య మాత్రం పుట్టుక నుంచి చివరిదాకా ఒక్కటే. రెండూ రాసుకోండి.

బిల్లులో “అల్యూమినియం తుక్కు” అని ఊరికే రాసి ఊరుకుంటే ఒప్పుకోకండి. ఏ విమానం నుంచి, ఏ భాగం, ఎన్ని ముక్కలు అన్నది బిల్లు మీదే ఉండాలి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటి రాష్ట్రం సరిహద్దు దాటుతుంటే ఈ-వే బిల్లు తప్పనిసరి. పాతపట్నం నుంచి పర్లాకిమిడికి నాలుగు అడుగులే అనిపించవచ్చు, అయినా అది రెండు రాష్ట్రాల నడుమ రవాణాయే.

సునాబెడలో యుద్ధవిమానాల ఇంజిన్లు చేసే హెచ్‌ఏఎల్‌లో పనిచేసి రిటైరైన ఫిట్టర్లు జయపురం, కోరాపుట్ వైపు కనిపిస్తారు. లోహం పని మెళకువలు నేర్చుకోవడానికి వాళ్లు మంచి గురువులు. కానీ సైనిక విమానాల తుక్కు జోలికి మాత్రం పోవద్దు. ఈ పద్ధతంతా ప్రయాణికుల విమానాలకే.

ఏ రేకు అడగాలి

బోయింగ్ 737, ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానాల ఒళ్లు ఎక్కువగా 2024 అనే నంబరున్న అల్యూమినియం మిశ్రలోహం. అందులో రాగి 4 శాతం పైచిలుకు, మెగ్నీషియం ఒకటిన్నర శాతం ఉంటాయి. రాగి వల్ల బలం వస్తుంది, తుప్పు భయమూ వస్తుంది. ఆ భయం పోవడానికి రేకుకు రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పలచని పొరగా అతికించి ఉంటుంది. ఈ పొర సంగతి గుర్తుంచుకోండి, ముందు మళ్లీ వస్తుంది. రేకు మందం మామూలుగా 1 నుంచి 2 మి.మీ. మధ్య ఉంటుంది. ఒకే ముక్కలో కూడా మందం మారుతుంది, ఎందుకంటే బరువు తగ్గించడానికి మధ్య భాగాన్ని రసాయనంతో పలచన చేసి, ఫ్రేముల దగ్గర మందంగా వదిలేస్తారు. కాబట్టి వెర్నియర్‌తో నాలుగు చోట్ల కొలవందే కోత మొదలుపెట్టకండి.

తోక మీది గుర్తు ముక్కలకు గిరాకీ ఎక్కువ. అయితే ఏ320 నిలువు తోక అల్యూమినియం కాదు, కార్బన్ ఫైబరు. 787, ఏ350ల ఒళ్లు కూడా చాలావరకు కార్బన్ ఫైబరే. ముక్కు కొన, పొట్ట కింది కప్పులు, రడ్డరు (తోకలో అటూ ఇటూ తిరిగే పలక) వంటివి అల్యూమినియం విమానాల్లో కూడా ఫైబరుతోనే ఉంటాయి. రూపాయి బిళ్లతో తట్టి చూడండి: లోహం ఖంగుమంటుంది, ఫైబరు డొక్కుగా పలుకుతుంది. ఫైబరును ఈ పద్ధతిలో కోయకూడదు. దాని ధూళి చర్మంలో గుచ్చుకుంటుంది, ఊపిరితిత్తులకు చెరుపు, మోటార్లలో పడితే షార్ట్ అవుతుంది. మొదటి విమానానికి అల్యూమినియం ఒంటి రేకే తీసుకోండి.

యార్డులో కోసేవారికి చెప్పాల్సిన మాట ఒకటుంది. విమానం ఒంట్లో అడ్డంగా గాజుల్లా ఫ్రేములుంటాయి, 737లో 508 మి.మీ.కి ఒకటి, ఏ320లో 533 మి.మీ.కి ఒకటి. పొడవునా స్ట్రింగర్లు అనే పట్టీలుంటాయి. రేకును ఫ్రేము పక్కనుంచి, పట్టీలతో సహా కోసి పంపమనండి. గ్యాస్ కట్టర్ వాడనివ్వకండి, ఆ వేడికి పెయింటు బుడగలు లేచి అంచు చుట్టూ చాలా భాగం పాడవుతుంది. వట్టి రేకు చదరపు మీటరుకు 4 కిలోల చిల్లర తూగుతుంది. పట్టీలు, ఫ్రేము ముక్కలు ఉంటే అంతకు ఎక్కువే.

ఇంటికి తేకూడని వస్తువులు

తుక్కు యార్డులో “ఇది కూడా తీసుకెళ్లండి” అని చేతిలో పెట్టే వస్తువులు కొన్ని ప్రమాదం. సీటు పైనుంచి దిగే ముసుగులకు ఆక్సిజన్ ఇచ్చే రసాయన డబ్బాలు అన్నిటికన్నా ముందు. పిన్ను లాగితే చాలు, వందల డిగ్రీల వేడెక్కుతాయి. 1996లో అమెరికాలో వాల్యూజెట్ 592 విమానం కాలి కూలడానికి సరుకు గదిలో వేసిన ఇలాంటి పాత డబ్బాలే కారణం. 110 మంది పోయారు. లైఫ్ జాకెట్ల గ్యాసు గొట్టాలు, తప్పించుకునే జారుడుబల్లల సిలిండర్లు, మంటలార్పే సీసాలు, బ్యాటరీలు కూడా వద్దు. తొలితరం 747ల తోకలో తూకం కోసం యురేనియం దిమ్మలు వాడారు. చిన్న సైజులో అనుకోనంత బరువున్న దిమ్మ కనిపిస్తే దాన్ని కోయడం, రుద్దడం చేయకండి, యార్డువారికి చెప్పి వదిలేయండి.

పెయింటు కింద పచ్చటి పొర

రేకు లోపలి వైపు పసుపుపచ్చ లేదా ఆకుపచ్చ పూత కనిపిస్తుంది. బయట రంగు కిందా అలాంటిదే ఉంటుంది. అది క్రోమేటు ప్రైమరు. తుప్పు ఆపడంలో దిట్ట, కానీ అందులోని క్రోమియం పీల్చితే కేన్సర్ తెస్తుంది. ఈ పనిలో అన్నిటికన్నా గట్టిగా పాటించాల్సిన నియమం దీని గురించే: పొడిగా రాయకూడదు, గ్రైండరు ముట్టించకూడదు, మంటతో కాల్చి రంగు ఊడదీయకూడదు. ఏ రాపిడి అయినా తడి మీదే. మామూలు గుడ్డ మాస్కు పనికిరాదు, పీ100 ఫిల్టరున్న రబ్బరు మాస్కు కొనండి. నైట్రైల్ తొడుగులు, పనికి వేరే బట్టలు ఉండాలి. ఆ బట్టలు ఇంటి బట్టలతో ఉతకకండి. పిల్లలు తిరిగే వసారాలో ఈ పని పెట్టుకోకండి.

రాపిడిలో వాడిన నీళ్లు మురికికాలువలోకి వదిలితే అవి చివరికి మహేంద్రతనయ నదిలోనే కలుస్తాయి. ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో పట్టి రెండు రోజులు ఉంచండి, మట్టి అడుగుకు దిగుతుంది. పైనీళ్లు మళ్లీ రాపిడికే వాడుకోండి. అడుగు మడ్డిని మూతపెట్టే డబ్బాలో దాచి, ఒడిశా కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న హానికర వ్యర్థాల సేకరణదారుకు ఇవ్వండి.

ఈ రేకు ముట్టుకున్న బఫింగ్ చక్రాన్ని కొమ్ము పనికి వాడవద్దు. ఇనుము రాసిన సానచక్రం మీద అల్యూమినియం రాయడమూ వద్దు. మెత్తని లోహం చక్రం రంధ్రాల్లో కూరుకుని వేడెక్కితే చక్రం పగులుతుంది. అల్యూమినియం పొడి మీద ఇనుప రవ్వ పడితే అంటుకుంటుంది. ఆ మంట మీద నీళ్లు పోయకండి. పొడి ఇసుక బకెట్టు ఒకటి ఎప్పుడూ పక్కన ఉండాలి.

కడగడం, గళ్లు గీయడం

ముక్క రాగానే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే ద్రవ సబ్బు, మెత్తటి స్పాంజితో కడగండి. కొన్ని ముక్కల మీద ఊదా రంగు జిడ్డు ఉంటుంది, అది హైడ్రాలిక్ నూనె. చర్మం, కళ్లు మండుతాయి, తొడుగులు వేసుకునే తుడవండి. వాషింగ్ సోడా, కాస్టిక్, సున్నం తగలనివ్వకండి, అల్యూమినియాన్ని తినేస్తాయి. స్టీలు పీచూ వద్దు.

ఇప్పుడు అసలు ముక్కను కోతకు ముందు ఫోటో తీయండి. మొత్తం ఒకటి, దగ్గరగా నాలుగు. ఆ తర్వాత పెన్సిలుతో వెనకవైపు గళ్లు గీసి ప్రతి గడికీ సంఖ్య వేయండి. ఫోటో మీద కూడా అవే గళ్లు గీసుకోండి. రేపు 214వ బిళ్ల కొన్నవారికి అది కిటికీ కింద నీలం గీత నుంచి వచ్చిందని వేలుపెట్టి చూపించగలగాలి. ఈ ఒక్క పని చేసినవారి సరుకుకూ చేయనివారి సరుకుకూ ధరలో తేడా వస్తుంది.

పట్టీలు విప్పడం

స్ట్రింగర్లు రేకుకు రివెట్లతో బిగించి ఉంటాయి. బయట తల రేకులో సమంగా మునిగి ఉంటుంది, లోపల తోక ఉబ్బి ఉంటుంది. రివెట్టు గుర్తు బిళ్ల మీద ఉండాలంటే లోపలి తోకను మాత్రం లోహం చెక్కే ఉలితో చెక్కి, పట్టీని మెల్లగా పైకి తీయండి. తల దాని గుంటలోనే ఉండిపోతుంది. రివెట్టు అక్కర్లేకపోతే తల మధ్యలో పంచ్ గుర్తు పెట్టి, రివెట్టు కాడ సైజు బిట్టుతోనే తొలవండి: 3.2, 4 లేదా 4.8 మి.మీ. పెద్ద బిట్టు పెడితే రంధ్రం పెరిగి పట్టీ గీత వెంట రేకు చిరుగుతుంది.

తోక పోయిన రివెట్టు ఈరోజు గట్టిగానే ఉన్నట్టుంటుంది, కొనుక్కున్నవారి జేబులో నెల తిరిగాక ఊడిపోతుంది. వెనక నుంచి పలచని ఎపాక్సీ జిగురు ఒక బొట్టు వేసి 24 గంటలు ఆరనివ్వండి. కోతకు ముందే ఈ పని అయిపోవాలి.

పట్టీకీ రేకుకూ మధ్య రబ్బరులాంటి సీలెంటు ఉంటుంది. ప్లాస్టిక్ పలకతో గీకి తీసేయండి. మిగిలితే కట్టర్ పళ్లకు చుట్టుకుంటుంది. కొన్నిచోట్ల టైటానియం బిగింపులుంటాయి, అయస్కాంతానికి అంటవు. డ్రిల్లు దిగకుండా జారుతుంటే అదే అనుకుని ఆ గడి వదిలేయండి. 200 రూపాయల బిళ్ల కోసం ఖరీదైన కట్టర్ విరగ్గొట్టుకోవడం దండగ.

కోత

బిళ్ల కొలత 70 × 35 మి.మీ., మూలలకు 5 మి.మీ. గుండ్రం. 1.4 మి.మీ. మందంలో ఇది తొమ్మిదిన్నర గ్రాములు తూగుతుంది, తాళాలగుత్తికి బరువనిపించదు.

పొడుగు వైపు విమానం పొడవు వెంట రావాలి. కారణం లెక్కలోనే ఉంది. ఏ320 ఒళ్లు 3.95 మీటర్ల వ్యాసం ఉన్న గొట్టం. 70 మి.మీ. వైపు వంపుకు అడ్డంగా పడితే మధ్యలో 0.3 మి.మీ. ఎత్తు లేస్తుంది, బల్ల మీద పెడితే ఊగుతుంది. 35 మి.మీ. వైపు అటు పడితే లేచేది 0.08 మి.మీ. మాత్రమే, కంటికి ఆనదు. వంపును సుత్తితో సాపు చేయబోకండి. ఈ రకం రేకు గట్టిది, పెళుసు, పెయింటు నెర్రెలిస్తుంది.

ఇదే లెక్కతో రేకును ముందు 120 మి.మీ. వెడల్పు పొడుగు ముక్కలుగా కోయాలి. 300 మి.మీ. వెడల్పు ముక్క మధ్యకూ అంచుకూ దాదాపు 6 మి.మీ. తేడా ఉంటుంది, యంత్రం బల్ల మీద కూర్చోదు. 120 మి.మీ.లో అది ఒక మి.మీ.లోపే, రెండు వైపులా అంటుకునే టేపు, చివర్లలో రెండు మరలతో అణిగిపోతుంది. కోత సందు 3 మి.మీ. కలుపుకుంటే 120 × 480 మి.మీ. ముక్కలో అడ్డం మూడు, నిలువు ఆరు, మొత్తం 18 బిళ్లలు. ఈ లెక్కన చదరపు మీటరుకు కాగితం మీద 312 వస్తాయి. రివెట్ల వరసలు, సొట్టలు, గీతలు పోగా 200 దక్కితే బాగా చేసినట్టే.

చేత్తో కోసేవారు కొమ్ము పని సన్న రంపమే వాడవచ్చు. హ్యాక్సా అయితే అంగుళానికి 32 పళ్లది. లోహం మందంలో ఎప్పుడూ రెండు మూడు పళ్లు ఆనుకుని ఉండాలి, లేకపోతే పన్ను తగులుకుని రేకు చిరుగుతుంది. అందుకే రంపాన్ని నిటారుగా కాకుండా బాగా వాల్చి లాగండి. ఫ్లై ప్రెస్సులో (చేత్తో తిప్పి అచ్చును గుద్దే యంత్రం) గుద్ది తీయడం త్వరగా అవుతుంది గానీ అంచున పాత పెయింటు పెచ్చులూడుతుంది. పెయింటు లేని రేకుకే అది.

బరంపురం, విశాఖల్లో సీఎన్‌సీ రౌటరు (కంప్యూటరు నడిపే కోత యంత్రం) అద్దెకిచ్చే షాపులు వెతికితే దొరుకుతాయి. వాళ్లకు ఇలా చెప్పండి: 3 మి.మీ. కార్బైడ్ కట్టరు, ఒకే పన్ను. నిమిషానికి 18,000 తిరుగుళ్లు. కదలిక నిమిషానికి 800 మి.మీ.; ఒక్కో దిగుడు 0.3 మి.మీ. 1.5 మి.మీ. రేకుకు ఐదు దిగుళ్లు. నీళ్లలో కలిసే కటింగ్ ఆయిల్ ఆగకుండా తగలాలి, విషధూళి లేవకుండా ఆపేది కూడా అదే. పెయింటు వైపు కిందికి, చెక్కబల్ల మీద మాస్కింగ్ టేపు వేసి పెట్టి వెనక నుంచి కోయండి. కట్టరు రజనును పైకి లాగేటప్పుడు పైన పెయింటు ఉంటే దాన్నీ లాగేస్తుంది. ఒక్కో బిళ్లకు రెండు చోట్ల 3 మి.మీ. వెడల్పు సన్న బంధం వదిలితే చివరి దిగుడులో ముక్క ఎగిరిపోదు.

కట్టరుకు లోహం అతుక్కుపోతోందంటే కదలిక మరీ నెమ్మదిగా ఉందన్నమాట. పన్ను కోయకుండా రాస్తోంది, వేడికి అల్యూమినియం మెత్తబడి అంటుకుంటోంది. షాపువాళ్లు ఇంకా నెమ్మదించబోతారు. వేగం పెంచమనండి.

రంధ్రం ముందు 3, తర్వాత 6 మి.మీ. బిట్టుతో, కింద చెక్క ఆనించి. రంధ్రం అంచుకూ బిళ్ల అంచుకూ మధ్య కనీసం 5 మి.మీ. లోహం ఉండాలి.

అంచులు

బిళ్ల పాడయ్యేది అంచు దగ్గర్నుంచే. స్వచ్ఛ అల్యూమినియం పొర రేకు పైనా కిందా ఉంది, మీరు కోసిన అంచున లేదు. అక్కడ రాగి కలిసిన లోహం బయటపడింది. చేతి చెమటకీ, గోపాల్‌పూర్, పలాస వైపు ఉప్పుగాలికీ అది బూడిదరంగు తిరిగి పొడి రాలుతుంది. వెనకవైపు మెరుపు కోసం గట్టిగా బఫ్ చేసినా ఆ పొర అరిగిపోయి అదే గతి పడుతుంది, కాబట్టి వెనకవైపును తేలికగా తుడిచి వదిలేయండి.

బర్ అంటారే, ఆ పదును ముల్లును సన్న ఆకురాయితో 45 డిగ్రీల్లో అర మి.మీ. వాలుగా తీయండి. తర్వాత 400, ఆపైన 800 నంబరు వాటర్ పేపర్, తడి మీద, అంచుకు మాత్రమే. వేలు ఆనించి చుట్టూ తిప్పి చూడండి, పాత బనీను గుడ్డతో కూడా తుడిచి చూడండి. దారం తగులుకుంటే ఇంకా ముల్లు ఉంది. ఆరాక అంచుకూ రంధ్రం లోపలా పారదర్శక పాలీయురేథేన్ రెండు పూతలు సన్న కుంచెతో వేయండి. ముందువైపు అసలు పెయింటు మీద ఏమీ పూయకండి, ఎండకు వెలిసిన రంగూ గీతలే దాని విలువ. పలచగా మైనం రుద్దితే చాలు.

ఆషాఢం నుంచి భాద్రపదం దాకా ముసురు రోజుల్లో పూత వేయవద్దు. గాల్లో తేమ పట్టి పూత తెల్లగా మసకబారుతుంది. ఎండ కాసిన రోజు, పదకొండు నుంచి మూడు మధ్య వేయండి.

రింగు స్టెయిన్‌లెస్ స్టీలుదే వాడండి, దానికీ బిళ్లకూ మధ్య చిన్న తోలు ముక్కో పూసల దారమో ఉంటే ఇంకా మంచిది. ఇత్తడి రింగు నేరుగా ఆనితే తేమలో అల్యూమినియాన్ని తినేస్తుంది.

అక్షరాలు

వెనకవైపు విమానం రకం, రిజిస్ట్రేషన్, తయారీ వరుస సంఖ్య, మొదటిసారి ఎగిరిన ఏడాది, బిళ్ల సంఖ్య ఉండాలి. 20 వాట్ల ఫైబర్ లేజరు సరిపోతుంది. చెక్క మీద రాసే సీఓటూ లేజరు వట్టి లోహం మీద గుర్తు పెట్టలేదు. లేజరు తగిలే చోట పచ్చ ప్రైమరు ముందే తడి మీద తీసేయండి, కాలిస్తే విషపు పొగ.

తెలుగులోనో ఒడియాలోనో పేరు వేయమని అడిగేవారు ఇక్కడ ఉంటారు. చాలా లేజర్ సాఫ్ట్‌వేర్లలో తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోయి పక్కకు పడతాయి. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేరులో టైపు చేసి, అక్షరాలను గీతలుగా మార్చి ఆ ఫైలు ఇవ్వండి. అక్షరం ఎత్తు 3 మి.మీ. కన్నా తగ్గితే ఒత్తులు పూడుకుపోతాయి. విమాన సంస్థ గుర్తును మాత్రం మీరు కొత్తగా చెక్కకూడదు, అది వాళ్ల ట్రేడ్‌మార్కు. పెయింటులో దానంతట అది వచ్చిన ముక్క వేరు.

పెట్టె, పద్దు

బిళ్లను బటర్ పేపరులో చుట్టండి. మెత్తటి పీవీసీ కవరు ఎండలో పెయింటుకు అంటుకుంటుంది. కార్డు మీద ఫోటో, గడి సంఖ్య, మొత్తం ఎన్ని చేశారో రాయండి. ఆ మొత్తం కోతకు ముందే తేల్చుకోవాలి. పర్లాకిమిడి కొమ్ముతో చేసిన చిన్న పీట ఒకటి జత చేస్తే బల్ల మీద నిలబెట్టుకునే జ్ఞాపిక అవుతుంది. ఆ పీట చేసినది ఎవరో, ఏ ఊరో కూడా కార్డులో వేయండి.

అనుమానించే కొనుగోలుదారుకు చూపడానికి ఒక పరీక్ష ఉంది. చెడిపోయిన బిళ్ల అంచును నున్నగా రాసి, పది శాతం కాస్టిక్ సోడా ద్రావణం బొట్టు వేసి కాసేపాగి కడగండి. మధ్యలో నల్ల గీత, దానికి అటూ ఇటూ తెల్ల గీతలు తేలుతాయి; రసాయనంతో పలచన చేసిన చోట లోపలి వైపు తెల్ల గీత ఉండదు. నలుపు రాగి కలిసిన లోహం, తెలుపు స్వచ్ఛ అల్యూమినియం. ఇంట్లో గిన్నె రేకులో ఈ నల్ల గీత రాదు. ఇది లోహం రకాన్నే చెబుతుంది, ఏ విమానమో చెప్పేది మీ పద్దు పుస్తకమే.

ఆ పుస్తకంలో ఒక్కో గడికి ఒక్కో వరస: గడి సంఖ్య, బిళ్ల సంఖ్య, తేదీ, ఎవరికి అమ్మారు. చెడిపోయిన గడి వరసలో “చెడింది” అని రాసి, ఆ బిళ్లను రెండుగా కోసి తుక్కు డబ్బాలో వేయండి. దాని సంఖ్య మరో ముక్కకు ఇవ్వవద్దు.